ఆఫ్రికా బాకుల వయసు తుప్పును బట్టి తేలదు

ఆఫ్రికా సంప్రదాయ బాకులు సేకరించేవారి మధ్య కొంతకాలంగా ఒక వాదన విస్తృతంగా చలామణీ అవుతోంది. అలుగు (బాకులో కోసే ఇనుప భాగం) మీద నల్లని తుప్పు, పిడి మీద జిడ్డు మెరుపు ఉంటే ఆ బాకు రెండు వందల ఏళ్లనాటిదని, యూరప్ లోహం జాడ కనిపిస్తే అది నకిలీదని, అనుమానం ఉంటే చెక్క, దంతం వయసు చెప్పే కార్బన్ పరీక్ష తేల్చేస్తుందని, వెనిగర్ పోసి తోమితే అసలు ఇనుము బయటపడుతుందని దాని సారాంశం. నమూనాగా కాంగోలోని కూబా ప్రజల ఇకుల్ బాకును చూపించి, అది పదిహేడో శతాబ్దానిదని చెబుతున్నారు. ఈ మాటల్లో ఏ ఒక్కటీ నిలబడదు. వీటిని నమ్మి కొత్త సేకర్తలు డబ్బు పోగొట్టుకోవడమే కాక చేతిలో ఉన్న మంచి వస్తువులను కూడా పాడుచేసుకుంటున్నారు.

తుప్పు సంగతి ముందు చూద్దాం. ఇనుము ఎంత తుప్పు పడుతుందన్నది గాలిలోని తేమ, ఉప్పు, వాడినవారి శ్రద్ధ నిర్ణయిస్తాయి. రోజూ నడుముకు కట్టుకుని, నూనె రాసి కాపాడుకున్న బాకు వందేళ్ల తర్వాత కూడా శుభ్రంగానే ఉండవచ్చు. నిరుడు చేసినదాన్ని ఉప్పునీటిలో నానబెట్టి మట్టిలో పాతితే కొద్ది వారాల్లోనే ముదురు తుప్పు ఎక్కుతుంది. పిడి మెరుపు కూడా అంతే. కూబా ప్రజలు చెట్టు చేవ నుంచి తీసే ఎర్రని తుకులా పొడిని, నూనెను చెక్క వస్తువులకు పూస్తారు. ఆ పూత ప్రాచీనతకు గుర్తు కాదు, అది వారి అలవాటు. ఒరిజినల్ వాడకాన్ని పట్టించేది అరుగుదల ఉన్న చోటు. సహారా ఎడారిలోని తువారెగ్ ప్రజలు తెలెక్ అనే బాకును ఎడమ ముంజేతి లోపలివైపు, పిడి మణికట్టును తాకేలా ధరిస్తారు. నిజంగా ధరించినదైతే ఒరకు కుట్టిన తోలు పట్టీ లోపలి అంచు నునుపు తేలి, చెమటకు నల్లబడి ఉంటుంది. పైపైన అంతటా ఒకే రీతిలో అరిగిన ఒర కనిపిస్తే నేను వెనక్కి ఇచ్చేస్తాను.

ఇకుల్ పదిహేడో శతాబ్దానిదన్న మాటకు ఒక మూలం ఉంది. కూబా రాజు ష్యామ్ అంబుల్ అంగూంగ్ విసిరే కత్తిని యుద్ధంలో నిషేధించి, దాని స్థానంలో ఇకుల్‌ను ప్రవేశపెట్టాడని అక్కడి సంప్రదాయ కథనం. కాంగోలో వస్తువులు సేకరించిన పరిశోధకుడు ఎమిల్ టోర్డే 1907–09 యాత్రలో దీన్ని నమోదు చేశాడు. ఆయన సేకరించగా 1909లో బ్రిటిష్ మ్యూజియం చేరిన ఎండోప్ రాజ ప్రతిమల ఎడమ చేతిలో ఇకుల్ కనిపిస్తుంది. అయితే ఈ కథనం ఆ రకం బాకు ఎప్పుడు పుట్టిందో చెబుతుంది తప్ప మీ చేతిలో ఉన్న బాకు ఎప్పుడు తయారైందో చెప్పదు. ఇకుల్‌ను ఇరవయ్యో శతాబ్దంలోనూ చేస్తూనే వచ్చారు. చెదలు, తేమ కలిసే ఆ ప్రాంతంలో మూడు వందల ఏళ్లనాటి చెక్క పిడి చెక్కుచెదరకుండా మిగలడం అత్యంత అరుదు. రకం వయసును వస్తువుకు అంటగట్టడమే ఈ ప్రచారంలోని అసలు తప్పు, మిగతా పొరపాట్లన్నీ దాని నుంచి పుట్టినవే.

యూరప్ లోహం ఉంటే నకిలీ అన్నది మరింత అన్యాయమైన మాట. సహారా వాణిజ్యం ద్వారా జర్మనీలోని సోలింగెన్ వంటి చోట్ల తయారైన అలుగులు, ఇత్తడి, రాగి శతాబ్దాలుగా ఆఫ్రికా కమ్మరులకు చేరుతూ వచ్చాయి. తర్వాతి కాలంలో పాత ఆకురాళ్లు (ఇనుమును అరగదీసే పనిముట్లు), లారీ కమాను పట్టీలు కూడా వారి కొలిమిలోకి వచ్చాయి. పిడి దగ్గర అలుగును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, సుత్తి దెబ్బలకు పూర్తిగా చెరగని ఆకురాయి గీతలు కొన్నింటిలో కనిపిస్తాయి. అది తన సమాజం కోసం కమ్మరి చేసిన నిజమైన పనే. అలాంటి లోహం, బాకు ఫలానా కాలానికి ముందుది కాదని మాత్రమే చెబుతుంది: పిడిలో అల్యూమినియం ఉంటే, 1886 తర్వాతే ఆ లోహం చౌకైంది కాబట్టి, ఆ పిడి అంతకంటే పాతది కావడం దాదాపు అసాధ్యం. అలుగు మీది నెలవంక ముద్రలను కూడా నమ్మడానికి లేదు, స్థానిక కమ్మరులే వాటిని అనుకరించి కొట్టేవారు.

కార్బన్ పరీక్ష విషయం క్లుప్తంగా చెబుతాను. 1650 నుంచి 1950 వరకు వాతావరణంలోని కార్బన్-14 (ఈ పరీక్ష కొలిచే కార్బన్ రకం) హెచ్చుతగ్గుల వల్ల ఒకే కొలతకు వేర్వేరు శతాబ్దాల తేదీలు సరిపోతాయి. మన బాకులన్నీ దాదాపు ఆ వ్యవధిలోవే. పైగా పరీక్ష చెప్పేది చెట్టు కలప పెరిగిన కాలాన్ని, పిడి చెక్కిన కాలాన్ని కాదు. 1950ల మధ్య నుంచి అణు పరీక్షల వల్ల కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది కనుక, దంతం లేదా చెక్క ఆ తర్వాతిదని పట్టుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

తేదీకి నిజమైన ఆధారం రాతపూర్వకమైనది. జర్మన్ అన్వేషకుడు జార్జ్ ష్వైన్‌ఫుర్త్ 1870లో మధ్య ఆఫ్రికాలోని మంగ్‌బెతూ రాజ్యాన్ని చూసి ప్రచురించిన బొమ్మలు, టోర్డే సేకరణ జాబితాలు, మ్యూజియం రిజిస్టర్లలోని చేరిక సంవత్సరాలు అటువంటివి. వాటితో పోల్చి “పందొమ్మిదో శతాబ్దం చివర లేదా ఇరవయ్యో శతాబ్దం మొదట” అని రాయగలిగితే అదే నిజాయితీ గల తేదీ. కాగితం లేని “సూడాన్ యుద్ధంలో మా తాతకు దొరికింది” అన్న కథకు నేను విలువ ఇవ్వను. 1898 ఒందుర్మాన్ యుద్ధం తర్వాత అక్కడి బాకులు యాత్రికులకు జ్ఞాపికలుగా కూడా అమ్ముడయ్యాయి.

ఇక వెనిగర్. అది తుప్పుతో పాటు తుకులా పొరను, నూనె జిడ్డును, పిడి సందుల్లోని మురికిని తీసేస్తుంది. తర్వాతివారు పరీక్షించడానికి ఏమీ మిగలదు. పాత సేకర్తలు, మ్యూజియంలు పిడి మీద గాని అలుగు మొదట్లో గాని సిరాతోనో తెల్ల రంగుతోనో చిన్న అంకెలు రాసేవారు. అవి మురికి కింద దాగి ఉంటే మామూలు కంటికి ఆనవు. అందుకే ఏ బాకునైనా పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, భూతద్దంతో పిడి చుట్టూ చూసి, అంకె కనిపిస్తే ముందు ఫోటో తీసిపెట్టుకోవాలి.