సంప్రదాయవాదం పేరుతో తిరుగుతున్న ఆ ఆరు పాయింట్ల మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. పొద్దున్నే మా విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద నాతో నడిచే ఇద్దరు పంపారు. మా పిన్ని కొడుకు పంపాడు. చివరికి నా దగ్గర చదువుకున్న కుర్రాడు కూడా "మాస్టారూ, ఇది మీ సబ్జెక్టే కదా, చూడండి" అంటూ పంపాడు. రాజనీతిశాస్త్రం చెప్పడమే నా వృత్తి. పైగా నేను సంప్రదాయవాదిననే (కన్జర్వేటివ్‌ననే) అనుకుంటాను. అందుకే ఇంత కోపం వచ్చింది. పరాయివాడు తిడితే ఊరుకోవచ్చు, మనవాడు మన పేరు పెట్టి తప్పులు రాస్తే ఊరుకోలేం.

"నిజమైన సంప్రదాయవాది పాటించే ఆరు సూత్రాలు" అని దాని పేరు. ఒకటి, పాతదేదీ మార్చకూడదు. రెండు, బలమైన నాయకుణ్ణి ప్రశ్నించకూడదు, సంప్రదాయవాదానికి మూలపురుషుడనే బ్రిటిష్ రాజనీతిజ్ఞుడు ఎడ్మండ్ బర్క్ నేర్పింది ఇదే. మూడు, ఈ సిద్ధాంతాన్ని మన దేశంలో ఎవరూ ఎప్పుడూ ప్రయత్నించలేదు. నాలుగు, సొంత ఆస్తి పవిత్రం కాబట్టి ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం ఎత్తేయాలి, అది నక్సలైట్లకు భయపడి తెచ్చిన కమ్యూనిస్టు చట్టం. ఐదు, అన్నీ ప్రభుత్వమే చేస్తే జనం చేతులు ముడుచుకుంటారు. ఆరు, మన బట్ట కట్టాలి, మన తిండి తినాలి.

ఆరోదానికి జవాబు అక్కర్లేదు.

మూడోది పచ్చి అబద్ధం. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేస్తే, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని రైతు నాయకుడు ఎన్.జి. రంగా బయటికొచ్చారు. అదే ఏడాది రాజాజీతో కలిసి ఈ భావాలతోనే స్వతంత్ర పార్టీ పెట్టారు. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లొచ్చాయి, ప్రతిపక్షంలో అదే పెద్దది. ఆ ఎన్నికల్లో రంగా గెలిచింది ఎక్కడ్నుంచి? శ్రీకాకుళం నుంచి. మన పక్క ఊరి ఓట్లతో పార్లమెంటుకి వెళ్ళిన మనిషి గురించి మన గ్రూపుల్లోనే "ఎవరూ ప్రయత్నించలేదు" అని తిప్పుతున్నారు. ఆ పార్టీలో రాజులు, జమీందార్లు, మిల్లుల యజమానులు చాలామంది ఉన్నారన్నది నిజమే, దాచను. బడుగుల నాయకుడు గౌతు లచ్చన్న లాంటివారూ ఉన్నారు.

రెండోది రాసినాయన బర్క్‌ని ఒక్క పేజీ కూడా చదవలేదు. ఇండియాలో ఈస్టిండియా కంపెనీ పాలన ఎంత అడ్డూ అదుపూ లేకుండా సాగిందో బ్రిటిష్ పార్లమెంటు ముందు పెట్టడానికి ఆయన ఏళ్ళ తరబడి పోరాడాడు. ఇక్కడ కంపెనీ గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్ మీద విచారణ 1788లో మొదలై 1795 దాకా సాగింది. 1794 వేసవిలో బర్క్ ముగింపు వాదన తొమ్మిది రోజులు వినిపించాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, జూలై 10న, ఇక్కడ పద్మనాభంలో కంపెనీ సైన్యం మన విజయరామరాజుని చంపింది. ఎందుకు? కంపెనీకి కట్టాల్సిన కప్పం, అదే పేష్కషు, బకాయిల గొడవ. పద్మనాభం కథ చిన్నప్పట్నుంచీ విన్న విజయనగరం వాళ్ళు, "అధికారాన్ని ప్రశ్నించకూడదని బర్క్ చెప్పాడు" అనే మాట ఎలా ఫార్వర్డ్ చేస్తారు? హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు, బర్క్ ఓడిపోయాడు. ఓడిపోతానని తెలిసే అడిగాడు. నేను సంప్రదాయవాదం నేర్చుకున్నది ఆ అడగడం నుంచే.

ఒకటోదానికి విజయనగరంలోనే జవాబుంది. కన్యాశుల్కం పాత ఆచారం కాదా? మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో అలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. గురజాడ ఆ లెక్కను తన నాటకం ఇంగ్లీషు ముందుమాటలో రాశారు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ వాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. లెక్క తీయించింది విప్లవకారుడు కాదు, గద్దె మీద కూర్చున్న రాజు. పాతదని దాన్ని అలాగే ఉంచేయాల్సిందా?

ఇక నాలుగోది. మిగతావి తెలియక రాసినవి అనుకోవచ్చు. ఇది మాత్రం జనానికి కీడు చేసేది.

1/70 కమ్యూనిస్టు చట్టమట. ఏజెన్సీ భూములు గిరిజనుల చేతుల్లోంచి పోకుండా మద్రాసు ప్రభుత్వం మొదటి చట్టం చేసింది 1917లో. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు అది వర్తించింది. అప్పటికి దేశంలో కమ్యూనిస్టు పార్టీయే లేదు. తర్వాత 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో బిగించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి ఏ రూపంలోనూ బదిలీ కాకూడదు. అతని చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఇదీ 1/70.

ఆస్తి పవిత్రమైతే మరి మొదట ఆ ఆస్తి ఎవరిది? తాతల నాటి నుంచీ సవరలు, జాతాపులు సాగు చేసుకున్న నేల. గింజల అప్పుకి వడ్డీ, వడ్డీకి వడ్డీ వేసి, చివరికి వేలిముద్ర వేయించుకుని పుచ్చుకున్నారు. తన పొలంలోనే కంబారిగా, అంటే పాలేరుగా, మారినవాడికి ఆస్తి హక్కు లేదా? ఆ హక్కు పవిత్రం కాదా? నా లెక్కలో 1/70ని మించిన సంప్రదాయవాద చట్టం మన రాష్ట్రంలో లేదు. తరతరాలుగా వస్తున్న జీవన విధానాన్ని ఒక్కసారిగా వచ్చిపడే డబ్బు నుంచి కాపాడేదే అది. దాన్ని ఎత్తేయమనేవాడు ఏం కాపాడదామనుకుంటున్నాడు? కాఫీ తోటకీ, రిసార్టుకీ భూమి కావాలంటే ఆ మాటే సూటిగా చెప్పమనండి. మధ్యలో బర్క్ ఎందుకు, ధర్మం ఎందుకు?

"భయపడి తెచ్చారు" అన్నదాంట్లో సగం నిజముంది, ఒప్పుకుంటాను. శ్రీకాకుళం నియోజకవర్గం రంగాని గెలిపించిన 1967లోనే, అక్టోబరు 31న, అదే జిల్లాలోని లేవిడిలో భూస్వాముల మనుషులు కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని చంపారు. తర్వాత రాజుకున్న నక్సలైట్ పోరాటం మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. 1970లో చట్టం బిగిసింది ఆ మంటల మధ్యే. కానీ సిగ్గుపడాల్సింది చట్టం తెచ్చినందుకా, పాత చట్టాన్ని అర్ధశతాబ్దం కాగితం మీదే ఉంచినందుకా? మారే మార్గం లేని రాజ్యానికి తనను తాను కాపాడుకునే మార్గమూ లేదని బర్క్ 1790లోనే రాశాడు. కొండల్లో సకాలంలో న్యాయం చేసి ఉంటే తుపాకులు వచ్చేవి కావని నేను నమ్ముతాను. ఆ ప్రాంతం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది కాబట్టి మనకేమీ పట్టదనుకుంటే అది వేరే విషయం.

ఐదోదాని మీద కూడా తిడదామనే మొదలుపెట్టాను. తిట్టలేకపోయాను. మా ఊళ్ళో చెరువుంది. మా తాతల కాలంలో వేసవిలో ఇంటికో బండి కట్టి పూడిక తీసేవాళ్ళు, ఆ మట్టిని ఎవరి పొలానికి వాళ్ళు తోలుకునేవాళ్ళు. మదుము (చెరువు తూము) దగ్గర నీళ్ళు వదిలే మనిషికి ఊరంతా గింజలు కొలిచేది. ఎవరి వంతు ఎప్పుడో తగువు లేకుండా తేలేది. తర్వాత చెరువు ప్రభుత్వానిదైంది. ఇప్పుడు గట్టు తెగితే అర్జీ పెడతాం, బిల్లు మంజూరు కోసం చూస్తాం, కాంట్రాక్టరు రాలేదని తిట్టుకుంటాం. పార పట్టుకుని ఒక్కడూ వెళ్ళడు, నేనూ వెళ్ళలేదు. పింఛనూ రేషన్ బియ్యమూ తీసేయమని ఎవడైనా ఈ పాయింటుని వాడుకుంటే ఒప్పుకోను. వాటి మీద బతికే ముసలివాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కానీ ఊరు తన పని తాను చేసుకునే అలవాటు పోయిందన్నది నిజం. ఆ ఒక్క పేరా విడిగా పంపండి, నేనూ నలుగురికి పంపుతాను.

చెరువు పూడిక గురించి ఈ ఆదివారం మా ఊళ్ళో కూర్చుంటున్నాం. ఆ మెసేజ్ రాసినాయన ఎవరో తెలిస్తే రమ్మనండి.