ఐదు పైసల శరణార్థి స్టాంపు గారికి

మహారాజశ్రీ స్టాంపు గారికి,

ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి, చిన్నప్పుడు మీ జిగురు నాకినవాడు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని నాన్నగారి ట్రంకు పెట్టె తెరిచాక తెలిసింది. రాజమండ్రిలోని మేనత్తకు రాసి, ఎందుకో పోస్టు చేయని కవరు మీద, ఇరవై పైసల స్టాంపు పక్కన ఒదిగి కూర్చున్నారు.

ముందుగా మీ వేషం సంగతి. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిపడిన శరణార్థుల ఖర్చు కోసం 1971 నవంబరు 15 నుంచి ఉత్తరానికి ఐదు పైసలు అదనం అన్నారు. కొత్త స్టాంపు అచ్చయ్యేదాకా ఆగే తీరిక లేక, ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'శరణార్థి సహాయం' అని హిందీలో, ఇంగ్లీషులో నల్లగా కొట్టి పంపారు. కింద ముచ్చటైన చిన్న కుటుంబం, పైన దాదాపు కోటి మంది అతిథులు! ఇంట్లో మనుషుల్ని తగ్గించుకోమన్న నోటితోనే వాకిట్లో కోటి విస్తళ్ళు వేయమన్నది మీరొక్కరే.

"యుద్ధం ఢాకాలో, పన్ను దండకారణ్యంలోనా!" అని దుకాణంలో కూర్చుని నాన్న గొణిగేవారు. గొణుగుతూనే కవరు నా ముందుకు తోసేవారు, నాలుక నాదే కాబట్టి.

మా దుకాణానికి ఎం.వి. ఊళ్ళ (మల్కన్‌గిరి విలేజ్ అని నంబరు వేసిన ఊళ్ళ) బెంగాలీలు వచ్చేవారు. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద, తూర్పు పాకిస్తాన్ వదిలి వచ్చినవారిని ఈ అడవిలో దించారు. భూమి ఇచ్చారు గానీ ఊళ్ళకు పేర్లు పెట్టే ఓపిక లేక నంబర్లు వేశారు. అలాంటి ఒక నంబరు ఊరి పెద్దాయన మా బల్ల మీదే కలకత్తాలోని తమ్ముడికి ఉత్తరం రాసి, మిమ్మల్ని బొటనవేలితో అదిమి అంటించి, వచ్చీరాని ఒడియాలో అన్నాడు: "శరణార్థినీ నేనే, శరణార్థి పన్ను కట్టేదీ నేనే." నవ్వాడు. నాన్న గొణుగుడు ఆగింది, ఆ పూటకు.

యుద్ధం డిసెంబరు 16న ముగిసింది. కొత్త ఏడాదిలో అతిథులు చాలామంది తమ ఊళ్ళకు వెళ్ళిపోయారు. మీరు మాత్రం సంక్రాంతికి వచ్చి ఉగాదికీ కదలని అల్లుడిలా 1973 మార్చి 31 దాకా కవర్ల మీదే తిష్ఠ వేశారు. విస్తళ్ళు ఎత్తేశాక భోజనం ఖర్చు వసూలు చేయడం మీకే చెల్లింది.

అయినా ఇప్పటివాళ్ళను చూశాక మీ మీద కోపం నిలవడం లేదు. ఇప్పుడు సరిహద్దు అవతల తుపాకి పేలితే ఇవతల ప్రకటన పేలుతుంది. దానికి జిగురు అక్కర్లేదు, ఐదు పైసలూ అక్కర్లేదు. 2021లో మయన్మార్ సైన్యం గద్దెనెక్కి సొంత జనాన్ని కాలుస్తుంటే, మార్చిలో మణిపూర్ సరిహద్దు జిల్లాల అధికారులకు ఒక ఉత్తర్వు వెళ్ళింది. శిబిరాలు తెరవవద్దు, అన్నం పెట్టవద్దు, వచ్చినవారిని మర్యాదగా వెనక్కి పంపండి అని. మర్యాదగా! కాలు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి గడియ వేయమన్నట్టు. జనం దుమ్మెత్తిపోస్తే మూడు రోజులకే వెనక్కి తీసుకున్నారు. పక్కనే మిజోరంలో మాత్రం సామాన్యులు తమ ఇళ్ళలోనే చోటిచ్చారు. వాళ్ళను ఎవరూ స్టాంపు కొనమనలేదు.

మొన్న ఆ కవరు తీసుకుని తపాలా కార్యాలయానికి వెళ్ళాను. మేనత్త లేదు, ఆ ఇల్లూ లేదు, అయినా నాన్న రాసిన ఉత్తరం కదా. కౌంటరులోని కుర్రాడు కళ్ళద్దాలు పైకి నెట్టి మిమ్మల్ని కాసేపు చూశాడు.

"ఇది ఇప్పుడు చెల్లదండీ" అన్నాడు, మర్యాదగానే.

ఇట్లు,
మీ పాత చందాదారు