చెవులున్న గొడుగు, కళ్లు లేని యాప్

నేను ఆర్డర్ పెట్టింది ముదురు నీలం గొడుగు. మూడు మడతలు, బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, ఇద్దరికి సరిపోతుంది అని రాసి ఉంది. వచ్చింది పసుప్పచ్చది. మడతల్లేవు, బటన్ లేదు. పిడికి ఓ ఈల వేలాడుతోంది. తెరిచి చూస్తే పైన రెండు కుందేలు చెవులు టక్కున లేచి నిలబడ్డాయి. యాప్‌లో రిటర్న్ నొక్కాను, 'వివరణకు తగ్గట్టు లేదు' అనే కారణం ఎంచుకున్నాను, ఫొటోలు పెట్టాను. వాళ్లూ సరేనన్నారు. ఇంతవరకూ ఎవరికీ ఏ కష్టమూ కలగలేదు.

నిన్న సాయంత్రం పికప్ అబ్బాయి వచ్చాడు. గేటు దగ్గరికి గొడుగు పట్టుకెళ్లాను. "క్వాలిటీ చెక్ ఉంటుంది మేడమ్" అని ఫోన్ తీశాడు. ఆ యాప్ వస్తువు ఫొటో చూపించి ప్రశ్నలు అడుగుతుందట. అన్నిటికీ 'అవును' పడితే గానీ ముందుకు కదలదట.

"రంగు నీలమేనా మేడమ్?"

"పసుపు. కనిపిస్తోందిగా బాబూ."

"కనిపిస్తోంది మేడమ్. కానీ నీలం ఉండాలి."

"నీలం ఉండాలనే నేనూ అంటున్నాను. లేదనేగా వెనక్కిచ్చేది!"

"నీలం అయితేనే వెనక్కి తీసుకోవాలి మేడమ్."

ఈ మాట అతను ఎంత మర్యాదగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకూ సబబుగానే అనిపించింది. ఆ తర్వాత అర్థమైంది. ఫొటోలో ఉన్నట్టు లేదు కాబట్టి నేను వెనక్కివ్వాలి, ఫొటోలో ఉన్నట్టు లేదు కాబట్టి వాళ్లు వెనక్కి తీసుకోకూడదు. ఈ లెక్కన నేను బజారుకెళ్లి ఓ నీలం గొడుగు కొనుక్కొచ్చి వాళ్లకిచ్చి, ఈ కుందేలుతో కాపురం చేయాలి.

ఆ ప్రశ్నలు ఎందుకు పెట్టారో నాకు తెలియక కాదు. ఫోన్ తీసుకుని డబ్బాలో సబ్బు పెట్టి పంపేవాళ్లున్నారు, పెళ్లికి కట్టుకుని మర్నాడు చీర తిప్పి పంపే మహాతల్లులున్నారు. వాళ్లకోసం తాళం వేసుకోండి, కాదనను. కానీ ఈ గొడుగు గోదాం నుంచి బయల్దేరేటప్పుడు 'రంగు నీలమేనా' అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడే! వచ్చేటప్పుడు ఎవరికీ పట్టని రంగు, పోయేటప్పుడు మాత్రం ఇంత ముఖ్యమైపోయింది.

ఇంతలో వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత.

"మేడమ్, గొడుగు తెరవండి మేడమ్! ఫోన్ తడిస్తే నా పని అయిపోతుంది."

తెరిచాను. ఏం చేయను, చేతిలో గొడుగు పెట్టుకుని ఎదుటి మనిషిని తడవమంటామా? బడిపిల్లల కోసం చేసిన ఆ గొడుగు కిందికి నేనూ, ఆరడుగుల ఆ అబ్బాయీ, అతని ఫోనూ చేరాం. ఫోను మాత్రం పూర్తిగా పట్టింది. అతని వీపు, వీపు మీది సంచి, నా ఎడమ భుజం వానకే వదిలేశాం. గాలి వీచినప్పుడల్లా ఒక చెవి వంగి అతని చెంప మీద చిన్నగా తట్టి మళ్లీ లేచి నిలబడుతోంది. అతను పట్టించుకోకుండా చదువుతున్నాడు.

"మడతలు మూడేనా?"

"లేవు."

"బటన్ పనిచేస్తోందా?"

"బటనే లేదు. ఈల ఉంది, ఊదమంటావా?"

"ఈల గురించి అడగలేదు మేడమ్." పాపం, అతనికి నా మీద జాలి కలిగినట్టుంది. ఒక్కదానికైనా 'అవును' కొట్టాలని తాపత్రయపడ్డాడు. "ఇద్దరికి సరిపోతుందని ఉంది. ఇప్పుడు ఇద్దరం ఉన్నాం కదా, అవును కొట్టేయనా?"

సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు ఆటో దిగారు. ఆవిడకి నిండైన నల్ల గొడుగుంది. ఆగి మరీ చూశారు. "గొడుగు ముద్దుగా ఉందమ్మా, ఎవరికి?" అన్నారు. "నాకే పిన్నిగారూ" అన్నాను. ఇంకేం అనగలను! ఆవిడ నన్నూ, ఆ అబ్బాయినీ, చెవులనూ వరసగా చూసి, ఏదో అర్థమైనట్టు తల ఊపి లోపలికెళ్లిపోయారు. ఏం అర్థమైందో ఈపాటికి వీధి మొత్తానికీ అర్థమై ఉంటుంది.

ఆ ఉక్రోషంలో చట్టం ఎత్తుకున్నాను. "బాబూ, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. ప్రకటించిన లక్షణాలు వస్తువులో లేకపోతే, వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి వీల్లేదు. ఫొటో, వివరణ అసలు వస్తువుతో సరిపోయేలా చూస్తామని అమ్మకందారు దగ్గర హామీ తీసుకోవలసింది కూడా మీ కంపెనీయే." కుందేలు చెవుల కింద నిలబడి చెబితే చట్టానికి ఉండవలసిన గాంభీర్యం ఉండదని అప్పుడే తెలిసింది.

"మీరు చెప్పింది కరెక్టే మేడమ్. కానీ నెక్స్ట్ బటన్ వెలగట్లేదు. ఊరికే పట్టుకెళ్తే హబ్‌లో నా డబ్బుల్లో కోస్తారు." అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆఖరి ప్రశ్న చదివాడు. చదివి, కాసేపు ఊరుకున్నాడు.

"వస్తువు వాడారా?"

ఇద్దరం ఒకేసారి తలెత్తి చూశాం. రెండు చెవుల నుంచీ నీళ్లు ధారగా కారుతున్నాయి.

"నీ ఫోన్ కోసమే కదయ్యా తెరిచింది!"

"అవును మేడమ్. చాలా థాంక్స్ మేడమ్. కానీ తడిసింది కదా..." అని ఎంతో బాధగా 'వాడారు' నొక్కాడు.

అతను వెళ్లేలోపే మెసేజ్ వచ్చింది: 'మీరు ఇచ్చిన వస్తువు మా వివరణతో సరిపోలనందున రిటర్న్ రద్దు చేయబడింది.' నా వాదన వాళ్లే రాసిచ్చారు! వెంటనే స్క్రీన్‌షాట్ తీశాను.

కస్టమర్ కేర్ పిల్ల 'మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మకందారుతో మాట్లాడుకోండి' అంది. ఆ అమ్మకందారు ఎవరు, ఎక్కడుంటాడు అంటే చెప్పదు. రాతపూర్వకంగా అడిగితే చిరునామాతో సహా ఇవ్వాలని అవే నిబంధనల్లో ఉంది కాబట్టి మెయిల్ పెట్టాను. ఫిర్యాదుల అధికారికీ ఒకటి రాశాను. ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అందిందని రెండు నిమిషాల్లోనే చెప్పారు. అది మిషన్ పని కాబట్టి పొగడను.

పొద్దున్నే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. అక్కడివాళ్లు ఓపిగ్గా అన్నీ రాసుకున్నారు. 'చెవులా?' అని ఒకసారి మాత్రం అడిగారు. ఫిర్యాదు నంబర్ వచ్చింది. దీనికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 2019 చట్టం పుణ్యమా అని అమ్మినవాడి ఊరికి పరిగెత్తక్కర్లేదు, మనముండే చోటే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. లాయర్ తప్పనిసరి కాదు. కొన్న వస్తువుకి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నా గొడుగు ఆ లోపే. కమిషన్ ముందు గొడుగు తెరిచి చూపించాలా, ఫొటోలు చాలా అన్నదొక్కటే తేలాలి. తెరవమంటే తెరుస్తాను. ఈల కూడా ఊదుతాను.

ఇది రాస్తుండగానే ఫోన్ మోగింది. కొత్త గొంతు. "మేడమ్, రీ-పికప్ వచ్చింది, గేటు దగ్గరున్నా. నీలం గొడుగంట కదా, తడవకుండా పట్టుకుని రండి."