ఒకే ఒక్క కేక వచ్చిన గేర్‌బాక్సు గారికి

గౌరవనీయులైన పాత మిలిటరీ లారీ గేర్‌బాక్సు గారికి,

నమస్కారాలు. ఈ మధ్యాహ్నం రివర్సు కోసం లివరు లాగగానే తమరు పెట్టిన గర్ర్‌మనే కేక ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. పొద్దు గూకేదాకా మా చేత ప్రదక్షిణలు చేయించుకున్నారు, సంతోషం. తీరా తేలిందేమిటంటే తమ తప్పే లేదు. పెడల్‌ను క్లచ్‌కు కలిపే లింకేజీలో ఒక పిన్ను అరిగింది, అంతే. ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా?

చెప్పలేరు లెండి. తమకు వచ్చింది ఆ ఒక్క కేకే. క్లచ్ విడకపోయినా, అంటే ఇంజను నుంచి తమరిని వేరుచేయకపోయినా అదే, గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రో రింగు అరిగినా అదే, తప్పుడు ఆయిలు పోసినా అదే, తోలేవాడికి గేరు మార్చేటప్పుడు రెండుసార్లు పెడల్ తొక్కే డబుల్ క్లచ్ చేతకాకపోయినా అదే. విన్నవాడు ఏం చేస్తాడు? “బాక్సు పోయింది” అని తీర్పు చెప్పేసి, జాకీలు పెట్టి తమరిని కిందికి దించి, పైమూత విప్పుతాడు. చూస్తే పళ్లన్నీ నిక్షేపంగా ఉంటాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

నిజానికి పానా పట్టకుండానే సగం గుట్టు బయటపడుతుంది. ఇంజను ఆపి లివరు కదపాలి. అప్పుడు గేర్లన్నీ హాయిగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ విడట్లేదని అర్థం. ఆపినా బిగుసుగానే ఉంటే లివరు అడుగుభాగం, గేర్లను జరిపే ఫోర్కులు, అవి జరిగే రాడ్లు చూడాలి. సింక్రో లేని గేరు ఒక్కోసారి పన్నుకు పన్ను ఎదురుపడి ఆగుతుంది. అది జబ్బు కాదు, బండిని అంగుళం నెడితే పడుతుంది.

ఇక రెండో పరీక్ష. ఇంజను ఐడిల్‌లో, లివరు న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ అడుగంటా తొక్కి పది సెకన్లు ఆగాలి. ఆ పది సెకన్లే ఎవడూ ఆగడు. క్లచ్ నుంచి లోపలికొచ్చే ఇన్‌పుట్ షాఫ్టు, దాంతోపాటు తిరిగే కౌంటర్ షాఫ్టు నిలబడడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. అప్పుడు రివర్సు వేయాలి. రివర్సే ఎందుకంటే దానికి సింక్రో ఉండదు, కాబట్టి తప్పు దాచిపెట్టదు. అమెరికా సైన్యం వాడిన ఎం35ఏ2 లారీలో కూడా 2 నుంచి 5 దాకానే సింక్రో, ఫస్టుకీ రివర్సుకీ లేదు. చప్పుడు లేకుండా పడితే క్లచ్ నిర్దోషి. పది సెకన్లు గడిచినా గర్ర్‌మంటే ఆ షాఫ్టును ఇంకా ఎవరో తిప్పుతున్నారన్నమాట.

మొదటి అనుమానం పెడల్ ఫ్రీ ప్లే మీదే. చేత్తో నొక్కితే, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు వెళ్లి తగిలేదాకా వచ్చే వదులు ఇలాంటి లారీల్లో ఒకటిన్నర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. ఖచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో చూసుకోవాల్సిందే. మూడు అంగుళాలు వస్తోందంటే తొక్కిన తొక్కుడులో చాలాభాగం గాలికి పోతున్నట్టే. ఒక్కో పిన్నూ వెంట్రుకవాసి అరుగుతుంది, ఆ అరుగుదలంతా పోగై పెడల్ దగ్గర తేలుతుంది. లింకేజీ రాడ్డు తిప్పి సరిచేయొచ్చు గానీ, పిన్ను రంధ్రం కోలగా సాగిపోయి ఉంటే ఆ సర్దుబాటు నాలుగు రోజుల ముచ్చటే. పిన్నూ బుష్షూ మార్చాలి. పోనీ అని వదులు పూర్తిగా తీసేస్తే బేరింగు ఎప్పుడూ రాసుకుంటూ తిరిగి మాడిపోతుంది, క్లచ్ ప్లేటు జారుతుంది.

ఫ్రీ ప్లే సరిగ్గానే ఉండి కూడా విడకపోతే, ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో ప్లేటు ఇంజనుతో తిరిగే ఫ్లైవీలు చక్రానికి తుప్పుతో అంటుకుపోయి ఉండొచ్చు. లేదా షాఫ్టు మీది గాడుల (స్ప్లైన్ల) మీద జరగకుండా పట్టేసి ఉండొచ్చు. ఫ్లైవీలు మధ్యలో షాఫ్టు కొసను మోసే పైలట్ బేరింగు పట్టేసినా అంతే, ప్లేటు విడిచిపెట్టినా ఫ్లైవీలు ఆ బేరింగు ద్వారానే షాఫ్టును తిప్పుతూ ఉంటుంది. తుప్పుతో అంటుకున్న ప్లేటు ఒక్కోసారి దించకుండానే ఊడొస్తుంది. మిగతావాటికి మాత్రం తమరిని దించక తప్పదు. అప్పుడూ తమ తప్పు లేదు. అయినా కేక మాత్రం తమదే!

సరే, ఇక మర్యాదలు చాలు. నీ సొంత పాపాలు కూడా తక్కువేం కాదు. ఒక్క థర్డులోనే అరిచి, డబుల్ క్లచ్ కొడితే నోరు మూసుకున్నావంటే ఆ గేరు సింక్రో రింగు తినేశావు. సగం పాపం ఆయిలు పోసినవాడిది. డబ్బా మీద గేరాయిలు రకం జీఎల్-5 అని చూడగానే నాలుగు కంటే అయిదు గొప్పదనుకుంటాడు. అది యాక్సిల్లోని డిఫరెన్షియల్ గేర్ల కోసం పుట్టిన ఆయిలు. గంధకం, భాస్వరం మందులు దండిగా ఉంటాయి. వాటిలో కొన్ని రకాలు వేడెక్కితే ఇత్తడి రింగుల్ని కొరుకుతాయి. పైగా ఆ జారుడుకి రింగు గేరు మీది కోనును పట్టుకోలేదు. మాన్యువల్ అడిగింది జీఎల్-4 రకం, 90 చిక్కదనం అయితే అదే పోయాలి.

పాత ఆయిలును పారబోసేముందు తెల్లగుడ్డ మీద ఒలకబోసి ఎండలో పట్టి చూడాలి. బంగారు రజను మెరిస్తే రింగులో బుష్షులో అరిగిపోతున్నాయి. ఇనుప పెచ్చులు తగిలితే పళ్లు విరుగుతున్నాయి. పాలలా విరిగి తెల్లబడితే నీళ్లు చేరాయి. లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయిందేమో కూడా చూడాలి. అది మూసుకుంటే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిలు సీలు దాటి క్లచ్ ప్లేటు మీదికి చేరుతుంది.

గేరులోంచి నీ అంతట నువ్వే బయటికొచ్చే వేషం ఇంకోటి. గేరును పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగు, ఫోర్కు, క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగు బోల్టులు చూడాలి. అంతకంటే ముందు లివరు చుట్టూ ఉన్న రబ్బరు బూటు ఊడదీసి చూడాలి, గట్టిపడి గేరును పూర్తిగా పడనివ్వని సందర్భాలున్నాయి. ఇక పైమూత బిగించేటప్పుడు ఇంటర్‌లాక్ పిన్ను మర్చిపోయిన మహానుభావుడి పుణ్యమా అని ఒకేసారి రెండు గేర్లలో ఇరుక్కుని బండిని కట్టేస్తావు చూడూ, అప్పుడు మాత్రం ఒక్క చప్పుడూ చేయవు. అరవాల్సింది అప్పుడు కదరా!

ఇట్లు,
నీ కింద వెల్లకిలా పడుకున్నవాడు

తా.క.: నీ వెనకుండి ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు కూడా చెప్పు. ముందు యాక్సిలు కలిపి తారురోడ్డు మీద మలుపులు తిప్పితే లివరు బిగుసుకుంటుంది. సుత్తి అక్కర్లేదు, నాలుగడుగులు తిన్నగా వెనక్కి పోతే వదులుతుంది. వదలకపోతే దానికి విడిగా ఉత్తరం రాస్తాను.