నెల్లూరు కుర్రోళ్లు మద్రాసులో మంచు మీద పాట కడితే ఎవరు వింటారు?

పోయినేడు డిసెంబర్లో మద్రాసులో (మా నెల్లూరోళ్లకు అది ఇంకా మద్రాసే) మా మేనల్లుడి బ్యాండ్ ప్రోగ్రాంకి పోయాను. ఒక కేఫ్ మేడ మీద, గట్టిగా యాభై మంది పట్టే చోటు. వాడు బేస్ గిటార్, వాడితో పాటు కావలి పిల్లోడు ఒకడు, ఇద్దరు తమిళ పిల్లలు, అందరూ ఒకే ఇంజినీరింగ్ కాలేజీ. నాలుగు సొంత పాటలు వాయించారు, నాలుగూ ఇంగ్లీషే. మూడోది మంచు కురిసే రాత్రి గురించి. మా వాడు ఈ ఇరవై ఏళ్లలో చూసిన మంచంతా రొయ్యల లారీల్లో పరిచే ఐసు గడ్డలే. కిందికి దిగాక ఆ మాటే అంటే, "రాక్ అంటే అట్నే ఉంటాది మామా" అన్నాడు.

అట్నే ఉండాల్సిన పని లేదు. ఆ ఊళ్లోనే సాక్ష్యం ఉంది. 2017లో సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతం చేసే టెన్మా కలిసి 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అని ఒక బ్యాండ్ కట్టారు. 2018 జనవరిలో మద్రాసులోనే మొదటి కచేరీ, స్టేజీ మీద 19 మంది. అందులో చాలామంది గానా పాటగాళ్లు. గానా అంటే ఉత్తర మద్రాసు పేటల్లో చావు ఇళ్ల దగ్గర రాత్రంతా పాడే పాట, మర్యాదస్తులు చెవులు మూసుకున్న పాట. దాని పక్కన ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్, ర్యాప్ పెట్టి కులం గురించి, రిజర్వేషన్ గురించి మొహం మీద కొట్టినట్టు పాడారు. ఆ పాటల్లో నాకు సగం మాటలు అర్థం కాలేదు, అయినా లేచి నిలబడి విన్నాను. ఎవరి వీధి గురించి వాళ్లు పాడుతుంటే అర్థం కాకపోయినా తెలిసిపోతుంది. కేరళలో 'అవియల్' అంతకు పదేళ్ల ముందే, 2008 ఆల్బమ్‌లో, అచ్చ మలయాళంలో గట్టి రాక్ వాయించి చూపించింది.

మరి 'ఎఫ్ 16స్' సంగతేంది అని మా వాడు అడుగుతాడు, అడిగాడు కూడా. 2012 నుంచి ఉన్న మద్రాసు బ్యాండ్ అది, పాడేది ఇంగ్లీషులో, నిలబడింది. నిజమే. నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. వాళ్లు నగరం కుర్రాళ్లు, నగరపు విసుగు, వారాంతపు ఒంటరితనం వాళ్ల సొంత సరుకు. ఇందుకూరుపేట రొయ్యల గుంటల గట్టు మీద పెరిగినోడు అదే విసుగును అప్పు తెచ్చుకుంటే, వినేవాడికి మొదటి నిమిషంలోనే దొరికిపోతాడు. ఆ రాత్రి జరిగింది అదే. రెండో పాట అయ్యేసరికి ముందు టేబుల్ వాళ్లు ఫోన్లు తీశారు, మంచు పాట మధ్యలో కేఫ్ మేనేజర్ వచ్చి డ్రమ్మర్ చెవిలో ఏదో అన్నాడు. ఆఖర్లో రెండు సినిమా పాటలు వాయించమనట. వాయించారు, అప్పుడు మాత్రం అందరూ చప్పట్లు.

సినిమా సంగతి వచ్చింది కాబట్టి మన ఊరి మాట ఒకటి. 1960ల్లో ఇంజినీరింగ్ చదువుకుంటూనే మద్రాసులో బాలు గారు (మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమే) ఒక లైట్ మ్యూజిక్ ట్రూప్ నడిపారు. అందులో గిటార్, తర్వాత హార్మోనియం వాయించింది ఇళయరాజా, ఇంకో గిటార్ ఆయన తమ్ముడు గంగై అమరన్. అది బ్యాండ్ కాకపోతే ఇంకేంది? కానీ అప్పుడు ఆ గుంపు ముందున్న దారి ఒక్కటే, అది సినిమా స్టూడియోలుండే కోడంబాక్కం వైపు పోయేది. అందరూ ఆ దారినే పోయారు, మనకు మంచే జరిగింది. ఇబ్బంది ఏందంటే అరవై ఏళ్లయినా తెలుగులో రెండో దారి సరిగ్గా పడలేదు. హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండ్ జానపదాన్ని జమైకా వాళ్ల రెగ్గే సంగీతంతో కలిపి, పల్లె మాటల్లో పాడి, సినిమా అండ లేకుండానే జనాన్ని సంపాదించుకుంది. మరి ఏమైంది? అందులో గొంతు రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలు సినిమాలో ఒక్క పాట పాడేసరికి ఊరూరా తెలిసిపోయాడు, తర్వాతి ఏడాదికి సినిమాలకు సంగీతం కూడా ఇచ్చాడు. ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు, ఇల్లు గడవాలి కదా. తెలుగు బ్యాండ్ ఏదైనా బాగుందీ అంటే ముందు సినిమావాళ్లకే వినిపిస్తుంది, అంతే.

డబ్బుల లెక్క కూడా చూడండి. వడపళని దగ్గర వీళ్లు ప్రాక్టీసు చేసే జామ్ ప్యాడ్‌కు గంటకు నాలుగొందలు. గోడలకు గుడ్ల ట్రేలు అంటించి ఉంటాయి, తలుపేస్తే ఊపిరాడదు. వారానికి రెండు గంటలు, నెలకు మూడు వేల పైచిలుకు. కేఫ్ వాళ్లు ఇచ్చింది నలుగురికీ కలిపి రెండు వేలు, తలా ఒక బిర్యానీ. ఆన్‌లైన్లో పెడితే వస్తాయంటారా, 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో వెయ్యి సార్లు కూడా వినకపోతే దానికి పైసా లెక్క కట్టరు. మంచు పాట అప్పటికి మూడొందల నలభై దగ్గర ఆగింది, అందులో ఓ యాభై నావే. ఎట్లా పాడినా డబ్బు రానప్పుడు అప్పు తెచ్చిన మంచు ఎందుకు? నష్టపోయేదేదో మన మాటల్లోనే నష్టపోవచ్చు కదా. ఇదే మాట అంటే నాలుగు రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు వాడే ఒక కొత్త పాట వినిపించాడు. రాత్రి రెండు గంటలకు కరెంటు పోతుంది, రొయ్యల గుంటలో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, నాన్న లుంగీ ఎగ్గట్టి టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరకు పరిగెడతాడు, గాలి అందకపోతే తెల్లారేసరికి సరుకంతా చచ్చి తేలిపోతుంది. "యాడుండావు నాయినా, గుంట ఊపిరి ఆగతా ఉండాది" అని పల్లవి. ఏరియేటర్ చక్రం నీళ్లను కొట్టే చప్పుడును డ్రమ్మర్ అట్నే ఎత్తుకున్నాడు, కరెంటు పోయే చోట అన్నీ ఆగిపోయి మా వాడి బేస్ ఒక్కటే మిగులుతుంది. చరణంలో రెండు చోట్ల ప్రాస కోసం ఇరికించిన మాటలున్నాయి, గిటార్ సోలో అవసరమైన దానికంటే పొడుగు. అయినా నాకు ఒళ్లు జలదరించింది.

ఇంతవరకూ ఆ పాట ఏ కేఫ్‌లోనూ వాయించలేదు, చెన్నైలో నెల్లూరు తెలుగు ఎవరికి అర్థమవుతుందని ఆ తమిళ పిల్లలకు కాస్త టెన్షన్. నేను మాత్రం ఫోన్లో పెట్టి గట్టు మీద కూర్చున్న మా బావకు వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విని, రెండోసారి పెట్టమని, అప్పుడన్నాడు: "మన జనరేటర్ ఇట్టా మోగదు గదా బామ్మర్దీ. మొదట రెండు సార్లు దగ్గతాది, ఆ తర్వాతే అందుకుంటాది. వాడికి చెప్పు."