మనసులో ఉండి ఏం చెయ్యను, పాట గారూ?

గౌరవనీయులైన ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ పాట గారికి,

నమస్కారాలు. నిన్న మా ఆయన కారులో తమరు మోగుతున్నంతసేపూ నేను నోరెత్తకపోయేసరికి కరిగిపోయాననుకున్నారేమో. జ్ఞానదంతం పీకించుకుని, పెదవి మొద్దుబారి, పళ్ల మధ్య దూది కరిచిపట్టుకుని ఉన్నానండీ. రెండింటికల్లా వచ్చేస్తానన్న మనిషి, క్లినిక్ వాళ్లు లైట్లు ఆర్పేసే టైముకి వచ్చాడు. సారీ అనకుండా తమర్ని పెట్టి సౌండు పెంచాడు. మేముండేది డాలస్, తమర్ని పాడిన విల్లీ నెల్సన్ కూడా టెక్సస్ మనిషే, ఆయన చేత చెప్పిస్తే కాదనలేననే ధీమా కాబోలు. నొప్పికి నా కళ్లల్లో నీళ్లు తిరిగితే అది తమరి మహిమ అనుకుని బండి ఇంకా నెమ్మదిగా నడిపాడు!

సరిగ్గా ప్రేమించలేదేమో, చెప్పాల్సిన మాటలు చెప్పలేదు, చెయ్యాల్సిన చిన్నచిన్న పనులు చెయ్యలేదు, ఒంటరిగా వదిలేశాను... అన్నీ ఒప్పుకుంటారు, సంతోషం. మరి ఇన్నిటికీ పరిహారం? మనసులో మాత్రం ఎప్పుడూ నువ్వే ఉన్నావట! మనసులో ఉండి ఏం చెయ్యనండీ, అద్దె కట్టనా? పైగా నీ ప్రేమ చచ్చిపోలేదని చెప్పు, ఇంకో ఛాన్సివ్వు అని మళ్లీ నాకే పని పురమాయిస్తారు.

తమరి పుట్టుక కథ చదివాక అసలు మండింది. తమర్ని రాసిన ముగ్గురిలో వేన్ కార్సన్ ఒకడు. మెంఫిస్‌లో రికార్డింగు పని తెమలక, రావడం ఇంకా ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేస్తే భార్య కోప్పడిందట. ఇంటి పట్టున ఉండట్లేదన్నది నిజమే గానీ ఎప్పుడూ నీ గురించే ఆలోచిస్తున్నానని సర్దిచెప్పబోయాడట. ఆ మాట నోట్లోంచి వచ్చీ రాగానే ఇదేదో పాటయ్యేలా ఉందని తట్టి, గబగబా ఫోన్ పెట్టేశాడట! ఎవరో గిట్టనివాళ్లు చెప్పింది కాదు, స్వయంగా ఆయనే చెప్పుకున్నాడు. భార్య అవతల లైన్లో ఉండగానే ఫోన్ పెట్టేసి, భార్యకి టైమివ్వలేకపోయానని పాట కట్టడమేంటయ్యా? సిగ్గుండాలి కదా నీకు? నువ్వు పుట్టిందే ఆవిడ మాట మధ్యలో తెంచి.

గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ సంగతి వేరే చెప్పాలా, 1972లో భార్య ప్రిసిల్లాతో విడిపోయిన కొద్ది వారాలకి నిన్ను రికార్డు చేశాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. 1987లో పెట్ షాప్ బాయ్స్ అనే పాప్ బృందం వాళ్లు నీకు డ్యాన్స్ బీట్ వేశారు, పశ్చాత్తాపపడుతూ స్టెప్పులు కూడా వేసుకోవచ్చన్నమాట. 1982లో విల్లీ పాడినదానికైతే మరుసటి ఏడు గ్రామీ సంగీత అవార్డుల్లో సాంగ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. చెయ్యని పనుల చిట్టా చదివినందుకు అవార్డు! చెప్పిన టైముకి వచ్చే మొగుళ్లకి ఏ కమిటీ ఏమిచ్చింది?

విల్లీని మాత్రం ఏమీ అనలేను. తాళం కంటే అరడుగు వెనకాల, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడతాడు, గొంతులో ఎక్కడా నటన ఉండదు, ఆ గొంతుతో అడిగితే కరెంటు బిల్లు కూడా కట్టేస్తాం. అదే నా ఏడుపు. అంత మంచి గొంతుని తీసుకెళ్లి మా ఆయన లాంటి వాళ్లకి వకీలుగా పెట్టావు.

సరే, ఆ ఫోన్‌లో ఆవిడ ఏమందో ఎక్కడా పెట్టలేదేం? ఒక్క చరణం ఇవ్వాల్సింది. ఇవ్వరులే, ఆవిడ మొదలుపెడితే మూడున్నర నిమిషాల్లో తేలదు.