దొరకని తాత సజ్జనుడని గ్రహించాలి

పూర్వీకుల ఆచూకీ తీయబూనినవారికి ముందుగా ఒక హితవు చెప్పాలి. మీ తాతముత్తాతలు అప్పు చేయనివారు, గట్టు తగాదా ఎరుగనివారు, కోర్టు మెట్లెక్కనివారు అయితే ఆ ప్రయత్నం ఇప్పుడే మానుకోవడం మంచిది. సజ్జనులు రికార్డుల్లో దొరకరు. ప్రభుత్వం ఏదైనా పుచ్చుకొనేటప్పుడో, తప్పనిసరై ఇచ్చేటప్పుడో తప్ప మనిషి పేరు రాసుకోదని, ఒహాయో రాష్ట్రంలో కౌంటీ కచేరీల రికార్డు గదులు తిరిగిన అనుభవంతో సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ గదుల్లో నీకేం పని అని అడగవచ్చు. మనవైపు తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల దగ్గర ఆపుతారు; నాలుగో పేరు అడిగితే కర్తకూ పురోహితుడికీ ఇద్దరికీ ఇబ్బందేనని పెద్దలు ముందే కనిపెట్టారు. మా పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయుడికి ఆ వెసులుబాటు లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక ఒహాయో నది దాటి, అడవి నరుక్కొంటూ వచ్చిన ఆరో తరం తాత జాడ తేలేదాకా ఆయనకు నిద్ర పట్టదు. ఆయనకు చూపు మందగించింది, నాకు కారు నడపడం వచ్చు. ఆ విధంగా పరుల పితృకార్యంలో చిక్కుకొన్నాను.

మొదట జనాభా లెక్కలు చూశాం. 1790లో మొదలైన ఆ లెక్కల్లో 1840 దాకా కుటుంబ పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. తక్కిన ఇంటిల్లిపాదీ వయసుల గడుల్లో అంకెలు. 1830 పట్టీలో భార్య అంటే, ఇరవై దాటి ముప్పై నిండని ఆడవారి గడిలో ‘ఒకటి’. మాకు ఆ అంకె కూడా దక్కలేదు. 1800, 1810 లెక్కల్లో ఒహాయో కాగితాలు, 1788లో మారియెట్టా పట్నం వెలసిన వాషింగ్టన్ కౌంటీవి తప్ప, దాదాపు అన్నీ పోయాయి.

1850లో ప్రభుత్వానికి పేర్ల మీద మమకారం పుట్టి, స్వతంత్రులైన ప్రతివారి పేరూ రాయించింది. బానిసల పట్టీలో మాత్రం యజమాని పేరు కింద వయసు, లింగం, వర్ణం రాసి ఊరుకొన్నారు. ఇక ఈ అడవులు తరతరాలుగా ఎవరివో ఆ మూలవాసులు, పన్ను కట్టరు కనుక, లెక్కలోకే రాలేదు. అయితే ప్రభుత్వం వారిని పూర్తిగా మరిచిందనడం అన్యాయం. 1795లో గ్రీన్‌విల్ ఒప్పందం కింద ఒహాయోలో సింహభాగం భూమిని పుచ్చుకొన్ననాడు లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ మొదలైన నాయకుల పేర్లను గుర్తులతో సహా శ్రద్ధగా నమోదు చేసుకొన్నారు. పుచ్చుకొనేటప్పుడు గుమాస్తా దస్తూరి ఎప్పుడూ ముత్యాలే.

1890 లెక్కల కథ కొంచెం నింపాదిగా చెప్పుకోదగినది. వలసల సరిహద్దు గీత, అంటే వలసదారులు స్థిరపడిన నేల ఆగిపోయే గీత, అంటూ దేశంలో ఇక మిగలలేదని ప్రకటించినవి ఆ లెక్కలే. దాన్ని పట్టుకొని 1893లో చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ చికాగోలో చేసిన ప్రసంగం చరిత్రకెక్కింది. ప్రకటన భద్రంగా ఉంది. దాని వెనుక ఉన్న కాగితాలు మాత్రం 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో అంటుకొన్నాయి. కాలినవి కాలగా, మిగిలినవి మంట ఆర్పిన నీళ్లలో నానాయి. వానకు తడిసిన వడ్లనైనా ఎండబోసుకొనే మనకు వింతగా తోచవచ్చు గాని, వారు పన్నెండేళ్లు ఆలోచించి, 1933 ఫిబ్రవరి 21న ఆ శేషాన్ని పారవేయడానికి అనుమతించారు. పాత కాగితాలను భద్రపరచే జాతీయ ఆర్కైవ్స్ భవనానికి అధ్యక్షుడు హూవర్ శంకుస్థాపన చేసింది సరిగ్గా దానికి ముందురోజు. ముహూర్తబలం అంటే అదే. సుమారు 6 కోట్ల 30 లక్షల మందిలో మిగిలినవి 6,000 పైచిలుకు పేర్లు.

ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఎలా ఉంటుందో పింఛను కాగితాల్లో చూడవచ్చు. సైనికుడి వితంతువు తన పెళ్లి నిజంగా జరిగిందని రుజువు చేసుకోవాలి. అడవిలో పెళ్లికి రిజిస్టరు ఎక్కడిది? పిల్లల పుట్టుకలు రాసిపెట్టుకొన్న ఇంటి బైబిల్లోంచి పుట చించి పంపినవారున్నారు. ఆ పుటలు నేటికీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.

మేం వెతికే పెద్దమనిషి చివరికి పందుల పుస్తకంలో దొరికాడు. ఆ రోజుల్లో పందులను అడవిలోకి వదిలేసేవారు కనుక, ఎవరి పంది ఎవరిదో తేల్చడానికి చెవి కోసి గుర్తు పెట్టి, ఆ గుర్తును కచేరీలో రాయించేవారు. ఎడమ చెవి కొన కత్తిరింపు, కుడి చెవి కింద గాటు: సిరా ఇటుకరంగుకు తిరిగిన ఆ రెండు పంక్తుల మీద మా పక్కింటాయన వేలు వణికింది. పంది చెవులు రెండింటినీ విడివిడిగా వర్ణించిన గుమాస్తా, దాని యజమానురాలి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. మరో నెలకు తాతగారు ఉప్పు బాకీ దావాలో ప్రతివాదిగా దర్శనమిచ్చారు. తాత అప్పు ఎగ్గొట్టాడని తెలిసి అంతగా మురిసిపోయిన మనవణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

ఇక అవ్వ పేరు మిగిలింది. దానికి మిగిలిన దారి ఒక్కటే: తాత పొలం అమ్మి ఉండాలి. భర్త భూమిలో భార్యకు జీవితకాలపు హక్కు కొంత ఉండేది కనుక, ఆమె దాన్ని వదులుకొన్నట్టు కాగితం లేకపోతే కొనేవాడికి ధీమా ఉండదు. అందుకని అధికారి ఆమెను భర్తకు ఎడంగా పిలిచి, దస్తావేజులో ఏముందో వివరించి, ఇది నీ ఇష్టపూర్వకమేనా, ఎవరైనా బెదిరించారా అని అడిగి, జవాబు రాసుకోవాలి. కాదన్న ఇల్లాలు నేను చూసిన పుస్తకాల్లో ఒక్కరూ లేరు. గుమ్మం బయట మొగుడు నిలబడి ఉన్నాడు మరి. ఏమైతేనేం, ఆ కాస్త సేపటికి ఆమెకు ఒక పేరు ఉండేది, దాని పక్కన ఒక ఇంటూ గుర్తు ఉండేది.

వచ్చే గురువారం దస్తావేజుల సూచిక చూడడానికి వెళుతున్నాం. తాత పొలం తెగనమ్ముకొని ఉండాలని మా పక్కింటాయన చర్చిలో ప్రార్థిస్తున్నారు. మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పి ఉంచమని నన్ను అడిగారు. చెప్పాను.